సరి పువ్వులు, బేసి పువ్వులు

షట్టరు అవతల జనం గుసగుసలు వినగానే స్లావ్కా ప్రాణం లేచొచ్చింది. వచ్చారు. ఒకరో ఇద్దరో కాదు, వీధంతా కదిలి వచ్చినట్టుంది.

పెళ్లి కేకులు, పుట్టినరోజు కేకులు అని బోర్డు పెట్టిన రోజు నుంచీ తన కొట్లోకి వచ్చినవాళ్లు దారి అడగడానికి వచ్చారు, లేదంటే వాన వెలిసేదాకా నిలబడడానికి వచ్చారు. ఈ శనివారం కూడా ఎవరూ రాకపోతే తాళంచెవి ఇచ్చెయ్యమని కొట్టు అద్దెకిచ్చిన యజమాని చెప్పేశాడు. అందుకే ఉన్న పిండీ వెన్నా ఊడ్చి మూడంతస్తుల కేకు చేసింది. పైన చక్కెర పెళ్లికొడుకు, చక్కెర పెళ్లికూతురు. తన ఫోటో, పేరు, కొట్టు చిరునామా, శనివారం పదకొండింటికి, వచ్చిన అందరికీ కేకు. ఇంతే రాసి, ఊరంతా అతికించమని అచ్చు ప్రెస్సు నడిపే మెతోది ఇంటి తలుపు కింద తోసి వచ్చింది. ఆ తర్వాత బయటికి రాలేదు. తిండీ నిద్రా కొట్టు వెనక గదిలోనే.

షట్టరు మీద చెయ్యి వెయ్యబోతుంటే ఒక గొంతు వినబడింది. బట్టల ఫ్యాక్టరీ మేనేజరు కామెనోవ్ గొంతు.

"స్లావ్కా లాంటి పనిమంతురాలు మళ్లీ పుట్టదు. మా ఫ్యాక్టరీ నిలబడిందే ఆమె చేతుల మీద."

స్లావ్కా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పోయిన చలికాలం, కుట్టేవాళ్ల వేళ్లు కొంకర్లు పోతున్నాయి, హీటర్లు వెలిగించండి అన్నందుకు ఆమెను గేటు బయటికి నెట్టింది ఈ పెద్దమనిషే. అన్నేళ్ల చాకిరీలో ఒక్క మంచి మాట రాలని నోరది. ఇవాళ దానికేం పుట్టింది?

షట్టరు ఎత్తింది.

నల్ల కోట్లు. నల్ల తలగుడ్డలు. అందరి చేతుల్లో కార్నేషన్ పువ్వులు, చచ్చినవాళ్లకిచ్చే లెక్కలో, సరిసంఖ్యలో. బతికున్నవాళ్లకైతే బేసి. ముందు నిలబడ్డ గాన్కా అవ్వ చేతిలో కొవ్వొత్తి వెలుగుతోంది. వేడి మైనం వేళ్ల మీద కారుతున్నా అవ్వకు తెలియడం లేదు.

"నువ్వు పెట్టెలో ఉండాలి కదే," అంది అవ్వ చివరికి.

"ఏ పెట్టెలో?"

అవ్వ చావు కాగితాలు అతికించే కరెంటు స్తంభం వైపు చూపించింది. దాని మీద మొన్న పోయిన పోస్ట్‌మ్యాను కాగితం, ఏడాది కిందట పోయిన టీచరమ్మ కాగితం. ఆ రెంటి మధ్యా, చుట్టూ అంత మందాన నల్లగీతతో, స్లావ్కా ముఖం. గుమ్మం పట్టుకుంది. బతికున్నానని తనకు తెలుసు. అయినా ఒక్క క్షణం ఆ కాగితాన్నే నమ్మింది.

"మెతోదీ, ఎక్కడున్నావురా?"

మెతోది జనంలోంచి బయటికొచ్చాడు. వాడూ నల్ల టై కట్టుకున్నాడు.

"ఫోటో, పేరు, చోటు, టైము ఉన్నాయి. ఇంకేమనుకోవాలక్కా? ఈ ఊళ్లో చావు కాగితం కాక వేరేది అచ్చువేసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు."

"కేకు అని రాశాను కదరా."

"చూశాను. కర్మకి వచ్చినవాళ్లకి పెడతారనుకున్నా. కూర్చుని ఏడ్చాను కూడా. నల్లగీత నా తరపున డబ్బుల్లేకుండా వేశా."

ఎవరికో నవ్వు పొడుచుకొచ్చి దగ్గుగా మారింది. అయినా ఒక్కరూ కదల్లేదు.

"ఇంతదూరం వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపుతావటే?" అంది అవ్వ.

స్లావ్కా లోపలికి వెళ్లి కత్తి తెచ్చింది. చక్కెర దంపతులను తీసి పక్కన పెట్టి, పెళ్లి కేకు కోసింది. ఒక్కొక్కరూ ముక్క అందుకుని, చావింట్లో తినేముందు అనే మాటే అలవాటుగా గొణిగారు: "దేవుడామెను క్షమించుగాక." ఆమె ముఖం మీదే అన్నారు.

"నేనిక్కడే ఉన్నానయ్యా," అంది స్లావ్కా.

"ఉండవే, ఎవరొద్దన్నారు," అంటూ అవ్వ రెండో ముక్క అందుకుంది. "చెయ్యి మంచిదే నీది. వచ్చే ఆదివారం మా ఆయన సంవత్సరీకం. ఆయన పేరిట పంచే ఉడికించిన గోధుమలు నువ్వే చెయ్యి. అక్రోటు పొడి దండిగా వెయ్యి, పైన చక్కెరతో శిలువ గియ్యి. నా చేతులు ఇంక ఆ కుండ ఎత్తలేవు."

"నేను చేసేది పెళ్లి కేకులవ్వా."

"ఎవరి పెళ్లికి?"

స్లావ్కా జనం వైపు చూసింది. నెరిసిన తలలు, చేతికర్రలు, వెనకెక్కడో మళ్లీ నెరిసిన తలలే. వీళ్లందరూ తను పుట్టినప్పటినుంచీ తెలిసినవాళ్లే. ఇలా ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. ఏ కళ్లు పెట్టుకుని ఈ ఊళ్లో పెళ్లి కేకుల కొట్టు తెరిచింది తను? తన చావు కాగితం కంటే ఆ ప్రశ్నే గట్టిగా కొట్టింది.

"మా అక్క పోయిన నలభయ్యో రోజు వస్తోంది," అన్నారు వెనకనుంచి ఎవరో.

"మాకూ చెయ్యాలి, రొట్టెతో సహా."

అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆమె తలాడిస్తూనే ఉంది.

కామెనోవ్ పువ్వులు పట్టుకుని మెల్లగా జారుకోబోయాడు.

"సారూ, ఇందాకటి మాటలు మళ్లీ ఒకసారి అనండి. చచ్చినప్పుడు సరిగ్గా వినబడలేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పోనీ, ఫ్యాక్టరీ హాల్లో హీటర్లు వెలిగించారా?"

కామెనోవ్ బూట్ల వైపు చూసుకున్నాడు. స్లావ్కా అతని చేతిలోని గుత్తి తీసుకుంది. అందులోంచి ఒక పువ్వు లాగి అతని కోటు జేబులో గుచ్చింది. మిగిలినవి, ఇప్పుడు బేసి, నీళ్ల గ్లాసులో పెట్టి కిటికీలో నిలబెట్టింది.

"ఆ కాగితాలు చింపేసి, ఈసారి రంగుల్లో వెయ్యనా అక్కా?" అన్నాడు మెతోది.

చక్కెర దంపతులను సొరుగులో పడుకోబెడుతూ ఆమె ఆలోచించింది.

"నా ముఖం తీసెయ్యి. కొట్టు పేరు వేసి, కింద గోధుమలు అని రాయి. నల్లగీత మాత్రం ఉండనీ. ఈ ఊళ్లో జనం చదివేది అదొక్కటే."