పావురాల పాలైన మూడో భాగం

చంద్రమోహన్ లాంటి దానకర్ణుడితో కాపురం ఎంత కష్టమో కిరణ్మయికే తెలుసు. తనదైతే తుప్పు పట్టిన బోల్టు కూడా ఎవరికీ ఇవ్వడు. పెళ్లాం పిల్లలవైతే అడక్కముందే పంచిపెట్టేస్తాడు.

థర్మల్ కాలనీ బాల్కనీల మీద పావురాలు పెత్తనం చేస్తున్న రోజుల్లో, మెరిసే సీడీ వేలాడగడితే అవి రావని ఆయనకు డ్యూటీలో ఎవరో చెప్పారు. ఆ ఆదివారమే షోకేసులోని పిల్లల బొమ్మల సినిమాల సీడీలన్నీ తీసి, స్టూలెక్కి మరీ ఎదురు బ్లాకు దాకా కట్టి వచ్చాడు. ఆ వారమంతా ఆయన నడకే మారిపోయింది.

రెండేళ్ల తర్వాత కాలేజీ సెలవులకు వచ్చిన కూతురు శృతి షోకేసు తెరిచి కెవ్వుమంది.

‘మబ్బుపిల్లి’ అని నాలుగు భాగాల బొమ్మల సినిమా. దాని అభిమానులు ఊరికొకరు చొప్పున ఇంటర్నెట్లో చేరి పోస్టర్లు, పాటలు, అట్టలు, మాటలు సమస్తం ఒకచోట దాస్తున్నారు. మూడో భాగం తెలుగు మాటలు మాత్రం ఎవరి దగ్గరా లేవు. “మా ఇంట్లో ఉంది” అని శృతి అందరికీ మాటిచ్చేసింది.

“పిల్లి బొమ్మలకు కూడా మ్యూజియమా? దేశం బాగుపడినట్టే!” అని నవ్వి, చంద్రమోహన్ పేపరు తిప్పాడు.

తల్లీకూతుళ్లు బాల్కనీలు వెతకడానికి బయల్దేరారు. ఒకచోట మొదటి భాగం, మరోచోట ఎక్కాల పాటలు తిరుగుతున్నాయి. మూడో భాగం ఎదురు బ్లాకులో మహాదేవమ్మ ఇంట్లో దొరికింది. ఆమె రాయచూరు మనిషి, పుట్టిందీ పెరిగిందీ అక్కడే, మాటా ఆ సరిహద్దు తెలుగే.

“ఏంది కిరణ్మయమ్మా, గిది తీస్కపోతే మా ఇంట్ల మల్ల పావురాలు సంసారం పెడ్తయ్. మీ ఆయనే గద, పనికిరానిదని కట్టిపోయిండు?”

“బదులు ఇంకోటి తెస్తాను వదినా. ఇంతకంటే బాగా మెరుస్తుంది.”

“అట్లయితే తీస్కపో.”

కిరణ్మయి ఇంటికెళ్లి బీరువాలోంచి ఒక సీడీ తెచ్చి, తనే స్టూలెక్కి కట్టింది.

సీడీకి పట్టిన ప్లాంటు చిమ్నీ బూడిదంతా కడిగి కంప్యూటర్లో పెడితే మూడో భాగం మూలిగి, ఆగి, ఎట్టకేలకు మాట్లాడింది. పిల్లి తెలుగులో తిట్టిన మొదటి తిట్టుకే శృతి ఎగిరి గంతేసింది. చివరి పావుగంట మాత్రం ఎండకు పోయింది. ఎన్నిసార్లు తుడిచి పెట్టినా రాలేదు. “చివరి పావుగంట దొరకలేదు, క్షమించండి” అని స్నేహితులకు టైపు చేస్తూ కళ్లు తుడుచుకుంది.

“ఓస్, పిల్లి కోసం ఏడుపా!” అంటూ చంద్రమోహన్ కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్లాడు. ఎదురు బాల్కనీలో ఏదో తళతళలాడింది. దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో తను రాసుకున్న పెద్దక్షరాలు!

“ఏమే! అది నా సన్మానం సీడీ కదూ?”

“అవునండీ. ఉత్తమ ఉద్యోగి శాలువా, మీ ఉపన్యాసం, అన్నీ అందులోనే. పావురాలకూ తెలియాలి కదా మీ గొప్ప.”

“బుద్ధుందా నీకు? అదొక్కటే కాపీ! ఎండకు పాడైతే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?”

“ఎవరు చూస్తారండీ దాన్ని?”

“ఎవరూ చూడకపోతే పారేస్తామా? అది నా...”

గది లోపల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆయన గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాడు. తర్వాత గుమ్మం దాకా వచ్చి, కూతురి వైపు చూడలేక కంప్యూటర్ వైపు చూశాడు.

“తప్పు చేశానమ్మా శృతీ. నిన్నడక్కుండా ఇవ్వకూడదు. తప్పు నాదే.”