సయోకో ముక్కుకొచ్చిన ముప్పు

"ఆ హన మరీ పెద్దది! తెర సగం అదే తినేస్తోంది. తీసేయండి!"

దర్శకుడు ఇసోగాయ్ మైకులో అలా అరిచేసరికి క్యోతో స్టూడియో అంతా ముక్కున వేలేసుకుంది. సయోకో మాత్రం ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హన అంటే ముక్కు. అక్కడున్న క్యోతో చెవులన్నీ అదే విన్నాయి.

పదహారో ఏట ఒక్క రికార్డుతో దేశాన్ని ఊపేసిన గొంతు సయోకోది. పాట సగం ముక్కులోంచే వచ్చేది. జనం దాన్ని గమకం అనుకున్నారు. పోస్టర్ల మీద ఆ ముక్కే ముందు నడిచేది, ఆవిడ వెనక నడిచేది. యుద్ధం తర్వాత ఐదేళ్ళు ఎవరూ పిలవలేదు. ఈ సినిమా కూడా పోతే, ఇక వేడినీళ్ళ సత్రాల్లో తాగుబోతుల మధ్య పాడుకోవడమే గతి.

మేనేజరు నిషిగోరి ముందుగా తేరుకున్నాడు. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నానండీ! పక్కనుంచి చూస్తే కొండచరియే!"

"దానికి నీడలు పులిమి పులిమి నా చెయ్యి పడిపోయింది బాబూ," అన్నాడు మేకప్పు తొకుమరు.

"పక్క సెట్లో గాయని మిచియో ఉంది," నిషిగోరి గొంతు తగ్గించాననుకున్నాడు. "ముక్కే లేదు, ఇబ్బందే లేదు. పిలుచుకురానా?"

నిన్నటిదాకా ఈ ముక్కుకి గుడి కట్టాలన్నవాడు వీడే. నా సంపాదనలో ముక్కలు విసిరినన్నాళ్ళూ ముక్కు బాగుందన్నమాట, అనుకుంది సయోకో. పళ్ళెమంత పువ్వున్న సవరం మీద చెయ్యేసి, లేచి గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికమ్మా?" ఇసోగాయ్ పరిగెత్తుకొచ్చాడు.

"కోయించుకోవడానికి."

"ఏమిటి?"

"ముక్కు! తీసేయమన్నారుగా!"

ఆయన ఆవిడ సవరంలోంచి ఆ పువ్వు పీకి చూపించాడు. "ఇది! ఈ హన! పువ్వమ్మా, పువ్వు!"

"పువ్వయితే రెండో అక్షరం దగ్గర గొంతు దించాలి కదయ్యా?"

"మీ క్యోతోలో దించుతారు. మా టోక్యోలో దించం!"

"దించకుండా ముంచారు."

"అదేగా మేమూ అన్నది!" నిషిగోరి చప్పట్లు కొట్టాడు. "కొండచరియలాంటి పువ్వు! ముక్కంటారా, సంపెంగ మొగ్గ!"

"నీడలు ఆ పువ్వుకే పులిమావా తొకుమరూ?" అని, సయోకో మైకు లాక్కుంది.

"అందరూ వినండి. ఈయన పువ్వంటే మనకి ముక్కని వినబడింది. టోక్యో నాలుక, క్యోతో చెవి, అంతే. నా ముక్కు ఇక్కడే ఉంటుంది, ఈ సినిమాలో ఆఖరి పాటా నేనే పాడతాను. తలలో పువ్వు ఆయన తీశాడు. ఇన్నేళ్ళూ నా చెవుల్లో మీరు పెట్టిన పువ్వులు మాత్రం నేనే తీసుకుంటాను. నిషిగోరీ, ముందు నువ్వు బయటికి నడు."