సరదాల మనిషి

“అగ్గిపెట్టెలు కాక ఇంకేమేం సరదాలున్నయి రాయమల్లూ నీకు?”

మంథని నుంచి వచ్చిన వామనరావు పంతులు ముందుగదిలో ఈ మాట అడిగినప్పుడు అనసూర్య వంటింట్లో గంజి వారుస్తోంది. పొద్దుటి నుంచి కణతలు పగిలిపోతున్నాయి. ఈమధ్య ఆ తలనొప్పి తీరే అంత. వంటింట్లో అడుగుపెడితే మొదలవుతుంది, బయట నల్లా దగ్గర కాసేపు నిలబడితే తగ్గుతుంది. “పని జెయ్యబుద్ధి గాకుంటె ఆడోళ్లకు తలకాయ నొస్తది” అని అత్త బతికున్నప్పుడు అనేది. ఆమె పోయాక ఆ మాట కొడుక్కి ఆస్తిలా దక్కింది.

రాయమల్లు గోదావరిఖని బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్. బొగ్గుకు తొలిచిన రంధ్రాల్లో మందు కూరి పేల్చడం అతని పని. బాయిలోకి దిగేముందు జేబులు తడిమి చూస్తారు, అగ్గిపుల్ల దొరికితే నౌకరి ఊడుతుంది. అటువంటి మనిషికి బయట మాత్రం అగ్గిపెట్టెల మీది బొమ్మలంటే పిచ్చి. పులులు, ఓడలు, తామరపూలు, దీపాలు, ఎక్కడెక్కడి పెట్టెలో తెచ్చి, బొమ్మలు ఊడదీసి, లావుపాటి ఆల్బంలో అంటిస్తాడు. ఊడదీసేది మాత్రం అనసూర్య. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, అంచు చిరగకుండా గోటితో లేపి, చాట బోర్లించి దాని మీద ఆరబెట్టాలి. ఒక ఓడబొమ్మ తెరచాప చిరిగిన రోజు అతను అన్నం ముట్టకుండా లేచిపోయాడు. వామనరావు తపాలా బిళ్లలు దాచే మనిషి. వారపత్రికలో ‘సరదాలు’ అనే శీర్షిక రాస్తాడు. రాయమల్లు సంగతి విని ప్రత్యేకంగా బస్సెక్కి వచ్చాడు.

“మస్తున్నయి సారూ” అన్నాడు రాయమల్లు. “పావురాలు సాదుత. హార్మోని నేర్సుకున్న. కెమెరా ఉన్నది, ఫోటోలు నేనే కడుగుత.”

ఒక్కొక్క మాటా అనసూర్యకు ఒళ్లునొప్పిలా తెలుసు. పావురాలు సాదేది అతనే, నిజమే, సాయంత్రం డాబా మీద నిలబడి ఈలవేసి ఎగరేస్తాడు. వాటి రెట్ట గీకేది, గింజలు చల్లేది, పిల్లి వచ్చిన రాత్రి లేచేది తను. హార్మోనియం మూడు పాటలతో ఆగిపోయి మంచం కింద చేరింది, ఊడ్చినప్పుడల్లా ముందుకు లాగి, వెనక్కి తోయాలి. ఫోటోలు కడిగే ఆదివారం వంటింటి కిటికీకి గొంగడి కడతాడు. ఆ పూట పొయ్యి వెలిగించకూడదు, తలుపు తీయకూడదు, పిల్లకు ఆకలేస్తే అటుకులు పెట్టాలి. నల్లా నీళ్లన్నీ అతని ఫోటో పళ్లాల్లోకే పోతాయి. ఆ ఫోటోల్లో బాయి గేటుంది, పావురాలున్నాయి, దోస్తు నర్సింగం మీసం మెలేస్తూ ఉన్నాడు. అనసూర్య ఒక్క దాంట్లోనూ లేదు. ఒకసారి అడిగితే, “నువ్వు రోజు కనవడేదానివే గదా, ఫిల్మెందుకు దండుగ” అన్నాడు.

“ఇంకా?” అన్నాడు వామనరావు, రాసుకుంటూ.

“చేపలు” అన్నాడు పక్కనే కూర్చున్న నర్సింగం. ఇద్దరూ ఎందుకో నవ్వారు.

“గాలమా, వలా?”

“ఏదో ఒకటి లే సారూ!” మళ్లీ నవ్వు.

అనసూర్యకు ఆ నవ్వు నచ్చలేదు. ఆమె పుట్టిల్లు సుందిళ్ల, గోదారి ఒడ్డు. చిన్నప్పుడు తండ్రి పక్కన గాలం వేసుకుని కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. బెండు మునిగే ముందు నీళ్లలో వచ్చే చిన్న వణుకు ఆమె వేళ్లకు ముందే తెలిసేది. పెళ్లైన కొత్తలో గాలం కర్ర వెంట తెచ్చుకుంది కూడా. “ఆడిది ఒడ్డున కూసుంటె పోయేటోడు వచ్చేటోడు ఏమనుకుంటడు?” అంది అత్త. రాయమల్లు ఏమీ అనలేదు. దాన్ని రెండుగా విరిచి పావురాల గూట్లో అడ్డకర్రలు చేశాడు. ఇప్పుడు అతను ఆదివారాలు తెచ్చే చేపల మూతికి గాలం గాటు ఉండదు, పొలుసుల మీద వల రాపిడి ఉండదు. కోస్తే లోపల వెన్ను విరిగి, నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. అవి ఎలా చచ్చాయో ఆమెకు తెలుసు. బాయిలో మిగిలిన మందు తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పనిది గోదారి మడుగుల్లో పేలుతోంది.

వెళ్లేముందు వామనరావు మర్యాదగా వంటింటి వైపు తిరిగాడు. “మా ఇంటామె మీనాక్షమ్మ, నేను రోజు పచ్చీసాడుతం. నన్ను గెలవనియ్యది. అమ్మా, మీకేం సరదా?”

ఆమె నోరు తెరిచేలోపే రాయమల్లు అందుకున్నాడు. “దానికేముంటది సారూ. దానికి పనే సరదా!”

పత్రికలో అతని ఫోటో పడింది. చివర ‘ఇల్లాలి సహకారం కూడా తోడైంది’ అని ఒక ముక్క. అతను ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకు కొట్టాడు. రోజూ దాని మీది బొగ్గుదుమ్ము తుడుస్తుంటే ఆమెకు ఆ ముక్క కంటికి తగులుతూనే ఉండేది. సహకారం. అతనికి ఎన్ని సరదాలో తనకు అన్ని చాకిరీలు, వాటన్నిటికీ కలిపి ఒక్క మాట. అయినా కోపం రాలేదు. కోపానికి కూడా తీరిక ఉండాలి. ఆ రోజుల్లో ఆమెకు ఉన్నదల్లా ఆ తలనొప్పి, దాని వెనకాల పేరు తెలియని భయం. వంటింట్లో తను కాక ఇంకెవరో నిలబడి ఉన్నట్టు అనిపించేది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది కూడా.

ఒక మధ్యాహ్నం ఆరేళ్ల కూతురు సుగుణ గడప మీద కూర్చుని గుడ్డబొమ్మకు జడ వేస్తోంది. జడకు రెండు తీగలు, ఎర్రదొకటి, తెల్లదొకటి. వాటి కొసన వేలంత పొడవు మెరిసే గొట్టం. ఆ గొట్టాన్ని పిల్ల బండకేసి టకటక కొడుతోంది.

అది మందును పేల్చే గొట్టమని అనసూర్యకు తెలుసు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి జారవిడుస్తుందేమో. మెల్లగా వెళ్లి పక్కన కూర్చుని, “బొమ్మ మంచిగున్నదే, నాకిస్తవా ఒక్కసారి?” అని అడిగి, అరచేతులు చాచి తీసుకుంది.

“యాడ దొరికింది బిడ్డా?”

“దొంతుల. కుండలు దించి మళ్ల పేర్సిన, అడుగు కుండల. మస్తున్నయమ్మా!”

పొయ్యికి జానెడు దూరంలో, పెళ్లికి తెచ్చుకున్న కుండల దొంతి. పండుగకు తప్ప కింది కుండ తీయదు. ఒక్కొక్క కుండా దించి చూసింది. అడుగున నూనెకాగితంలో చుట్టిన మందు కట్టలు, పక్కన పాత గుడ్డలో మరిన్ని గొట్టాలు. పక్కనే పొయ్యిలో బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఆ పొయ్యి పొద్దున అంటిస్తే రాత్రి దాకా ఆరదు. రోజూ నిప్పురవ్వలు చిట్లుతూనే ఉంటాయి. ఇన్నాళ్లూ దాని ముందే కూర్చుని రొట్టెలు చేసింది. పిల్లకు అన్నం కలిపింది. అక్కడే చాప పరచుకుని పడుకుంది కూడా.

పొయ్యిలో నీళ్లు కుమ్మరించి, పిల్లను చంకనేసుకుని వాకిట్లో కూర్చుంది. రాయమల్లు వచ్చేదాకా లోపలికి పోలేదు.

“బ్యాటరీ తగిలిస్తెనే పేలుతది. నాకు జెప్తవా? నా పనే అది” అన్నాడు రాయమల్లు.

“పిల్ల బండకేసి కొట్టింది. నా కండ్లతోని సూసిన.”

“పిల్లను మంచిగ సూసుకునుడు నీ పని.”

“ఇంట్ల వద్దు. దండం పెడ్త. నాకు పానం బాగుంటలేదు, తలకాయ పగులుతున్నది...”

“మందు కాడుంటె నొస్తది మరి. ఆ వాసనకు మాకందరికీ నొస్తది. రెండు దినాలైతె అలవాటైతది.”

మాట అనేసి అతను కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. అనసూర్య నిలబడ్డచోటే ఉండిపోయింది. అంటే అతనికి తెలుసు. తను తలకు గుడ్డ కట్టుకుని పొయ్యి ముందు కూర్చున్న ప్రతిరోజూ అతనికి తెలుసు. సాకులంటూ వెక్కిరించినప్పుడు తెలుసు, కంపెనీ దవాఖానలో డాక్టరు ఏమీ లేదని మాత్రలిచ్చి పంపినప్పుడు పక్కన నిలబడి తలూపినప్పుడూ తెలుసు. నొప్పి ఎక్కడిదో తెలిసిన మనిషే నొప్పి లేదన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను ఎన్నో మాటలన్నాడు, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాడు. ఇంత చల్లటి పని ఎప్పుడూ చేయలేదు.

అతను తుండుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, గొంతు తగ్గించాడు. “నోరు జారినవంటె నౌకరి పోతది, క్వార్టర్ పోతది. పిల్లనేసుకోని రోడ్డు మీద పడ్తవు. యాది పెట్టుకో.”

ఆ ఆదివారం రాయమల్లు, నర్సింగం మళ్లీ గోదారికి పోయారు. పొద్దు వాలకముందే వాడకట్టంతా గోలైంది. పేలాల్సిన మందు పేలకపోతే చూద్దామని నర్సింగం చేతిలోకి తీసుకున్నాడట. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఒక కన్ను కూడా దక్కేటట్టు లేదన్నారు.

దవాఖాన వరండాలో నర్సింగం భార్య ఐలవ్వ గోడకానుకుని కూర్చుంది. చీరంతా నెత్తురు. అనసూర్య పక్కన కూర్చుంటే, ఏడవకుండానే అడిగింది.

“పటాకులని చెప్పుమన్నడు మీ ఆయన. గోదారొడ్డున పటాకులేంది చెల్లె? అది బాయి మందే గదా. యాడ దాసిన్రు ఇన్ని దినాలు? నీకెర్కనా?”

అనసూర్య “ఎర్క లేదక్కా” అంది. అన్న మరుక్షణం ఐలవ్వ ఆమె చెయ్యి పట్టుకుని, “పోనీ తియ్యి, నీకు మాత్రం ఎవరు జెప్తరు” అంది. ఆ చేతి తడి అనసూర్య అరచేతిలో చాలాసేపు ఆరలేదు.

ఇంటికి వచ్చేసరికి రాయమల్లు గోనెసంచి వంటింట్లో కుమ్మరిస్తున్నాడు. చేపలు. నర్సింగం చెయ్యి పోకముందు పేలినవాటివి. ఏరుకొచ్చాడు.

“పులుసు వెట్టు. మనోళ్లు నలుగురొస్తరు. అందరం ఒక్కతీరుగ చెప్పాలె గదా, మాట్లాడుకోవాలె.”

ఆమె చేపల వంక చూసింది, అతని వంక చూసింది. “నర్సింగమన్న చెయ్యి...”

“పోయింది. ఏడిస్తె వస్తదా?” అతను సంచి అడుగు నుంచి ఇంకో మందు పొట్లం తీసి, దొంతి కుండలు దించి, దాన్ని కూడా అడుగున పెట్టాడు. “ఎవరన్న ఇల్లు సోదా జెయ్యనీకి వస్తె నాకేం ఎర్క లేదని జెప్త. నేను బాయిల ఉంటి, వంటింట్లకు నేను పోనే పోనంట. అది ఆడోళ్ల జాగా, నా పెండ్లానికే ఎర్క అంట. నువ్వు ఏడువు. ఆడదాన్నేం జేస్తరు? ఇడిసిపెడ్తరు.”

పులుసు పెట్టింది. నలుగురూ వచ్చారు, తిన్నారు, ముళ్లు విస్తరి అంచున పేర్చారు, పటాకుల సంగతి ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. ఒకడు పులుసు బాగుందన్నాడు. అనసూర్య వడ్డిస్తూనే ఉంది. ఆమెకు ఆశ్చర్యంగా ఉంది, భయం పోయింది. ఇన్నాళ్లూ వంటింట్లో వెనక నిలబడ్డట్టు అనిపించినది ఇప్పుడు ముందుకొచ్చి కూర్చుని, చెయ్యి చాచి ఇంకో గరిటె పొయ్యమంటోంది. దానిది రాయమల్లు ముఖమేనని తెలిశాక భయపడటానికి ఏముంది?

తెల్లారి రాయమల్లు మొదటి షిఫ్టుకు పోయాడు, పోకపోతే అనుమానం వస్తుందని. అనసూర్య పొయ్యి అంటించలేదు. ఇంటికి తాళం వేసి, రెండువైపుల ఇళ్లవాళ్లను “మా గోడ దిక్కు పిల్లల్ని పోనియ్యకున్రి” అని హెచ్చరించి, సుగుణ చెయ్యి పట్టుకుని ముందు దవాఖానకు నడిచింది.

“మా ఇంట్లనే ఉండె అక్కా. మందు. నాకెర్కనే ఉండె” అంది.

తిడుతుందేమో, కొడుతుందేమో అని అనసూర్య తలవంచుకు నిలబడింది. ఐలవ్వ చివరికి ముఖం పక్కకు తిప్పుకుని, సుగుణను దగ్గరికి లాక్కుంది.

“యాడికి పోతున్నవు?”

“బాయికి. ఆఫీసరుకు జెప్త.”

“పిల్లను ఈడుంచి పో.”

బాయి ఆఫీసులో సేఫ్టీ ఆఫీసరు ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒకసారి లేచి తలుపు మూశాడు.

“మీ ఆయనకు చెప్పే వచ్చావా అమ్మా?”

“నా పొయ్యి కాడ వెట్టెటప్పుడు ఆయన నాకు జెప్పిండా సారూ?”

అతను ఆమెను తేరిపార చూశాడు. “ఉద్యోగం ఉండదు. పోలీసు కేసవుతుంది. క్వార్టరు ఖాళీ చేయాల్సి వస్తుంది. తెలుసా?”

“తెలుసు.”

తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. జీపులో మనుషులు వెళ్లారు. క్వార్టర్ల వరస మొత్తం ఖాళీ చేయించి, దొంతి అడుగు కుండను ఇసుక తొట్టిలో పెట్టుకుని పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చారట. షిఫ్టు దిగేవేళ కావస్తుంటే గేటు కావలి మనిషి ఎల్లేశం, గేటు పక్క బెంచీ మీద కూర్చున్న ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. “అక్కా, నువ్వు జల్ది సుందిళ్ల పో. ఆయన పైకొస్తుండు. నిన్ను సూస్తె ఊకుంటడా? నీ పేరు బయటికి రాదు, పో.”

“వస్తె రానియ్యి తమ్మీ. ఎవరు జెప్పిన్రో ఆయనకెర్క గావాలె.”

షిఫ్టు సైరను కూత పెట్టింది. బాయి నోట్లోంచి మనుషులు బయటికి రాసాగారు. నల్లటి ముఖాలు, తెల్లటి కళ్లు, అందరూ ఒక్కతీరుగానే ఉన్నారు. ఇద్దరు కావలివాళ్లు లేచి ముందుకు నడిచారు. గుంపులో ఒక మనిషి ఆగిపోయాడు. వాళ్లను చూశాడు, తర్వాత బెంచీ మీది ఆమెను చూశాడు.

అనసూర్య చెంగు సర్దుకుంది. చూపు దించలేదు. కూర్చున్న చోటు నుంచి లేవలేదు.