మోకాలు వంచి చదవాలి

నేను ఒక గాజు గొట్టాన్ని. ఒంటినిండా గీతలు. వానకొలత డబ్బాలో పడ్డ నీటిని నాలోకి ఒంపి, ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందో చదువుతారు. నాకు గీతలు పెట్టినవాడి చెయ్యి వణకలేదు. ఆ తర్వాత దొరికిన చేతుల సంగతే చెప్పాలి.

మొదటివాడు కుర్చీలోంచి లేవకుండానే వాన రాసేవాడు. రెండోవాడు నాలో టీ పోసుకుని తాగాడు. మూడోవాడు ఓబులేసు. మెట్టరైతు, ఊరిబడిలో ఏడో తరగతి దాకా చదివాడు, మాటల పిసినారి. పొద్దున్నే మోకాలు నేలకానించి, కన్ను నీటిమట్టానికి దించి చదివేవాడు. అంచుల్లో నీరు గాజును పట్టుకుని పైకి పాకుతుంది. నడిమి పల్లమే నిజం. నిలబడి చూస్తే తప్పుతుంది.

గ్రంథాలయం ఖైరున్నీసా మేడం అతనికి ఒక నవల ఇచ్చింది. వానలు గతితప్పిన కాలం కథ. అందులో ఒక శాస్త్రవేత్త, ఊరికి కరువుసాయం రావాలని వాన లెక్క తగ్గించి రాస్తాడు. ఊరు దండలేస్తుంది.

"గ్రంథాలయ వారోత్సవాల సభలో చదవనీకి నాలుగు మంచి ముక్కలు రాయన్నా" అంది మేడం.

ఓబులేసు రాశాడు: "నూట పన్నెండో పేజీలో మీ శాస్త్రవేత్త నిలబడి కొలత చదివినాడు. మోకాలు వంచనోడు వాన గురించి చెప్తే నేను నమ్మను. ఊరి మేలుకే తప్పు రాసినాడంట. ఊరిని అడిగినాడా? ఎటు తోలితే అటు పోను మేం గొర్రెలమా? అబద్ధం ఒక కారు పండుతుంది, విత్తనానికి పనికిరాదు. మరుసటేడు ఏమయిందో చెప్పకుండా పుస్తకం ముగించినారు. అదీ దొంగకొలతే."

మేడం నోరు నొక్కుకుంది. "మంచి ముక్కలంటే ఇవా! రాసినాయన వస్తాండాడన్నా సభకు."

"రానీ. వంగి చూపిచ్చమను."

"మంచికే కదా తప్పు రాసింది? నువ్వయితే ఏం చేస్తావు?"

ఓబులేసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బదులు నాకు తెలుసు. పదకొండేళ్ల కిందట, శనక్కాయ మాడిపోయాక, నాలో పద్దెనిమిది మిల్లీమీటర్లు నిలిచింది. ఊరు కరువు జాబితాలో చేరాలని అతను ఒకటిని మింగేసి ఎనిమిది రాశాడు. పక్క ఊరి కొలతతో పొసగక ఊరి లెక్కలన్నీ పై ఆఫీసువాళ్లు కొట్టేశారు. మరుసటేడు నిజంగానే చినుకు లేదు. సున్నా రాస్తే నమ్మిన నాథుడు లేడు. కరువుసాయం రాక, మేత లేక పక్కచేను సుంకన్న ఎద్దులు కబేళాకు పోయాయి. తప్పు పైవాళ్లదని సుంకన్న ఈనాటికీ తిడుతూనే ఉన్నాడు.

సభలో సుంకన్న ముందువరసలోనే కూర్చున్నాడు. ఎలా చదవాలో చూపడానికి ఓబులేసు నన్నూ తెచ్చాడు. కాగితం చదివేశాడు. నవల రాసినాయన మొహం చిట్లించాడు. ఓబులేసు దిగిపోలేదు.

"ఆ శాస్త్రవేత్తను తిట్టే అర్హత నాకు లేదు. సుంకన్నా, ఆ యేడు ఎనిమిదని రాసింది నేనే. పద్దెనిమిది పడింది."

సుంకన్న మెల్లగా లేచాడు. "నా ఎద్దుల మాట నిలబడి చెప్తాండావేమప్పా? వంగు."

ఓబులేసు మోకాలు నేలకానింది. సుంకన్న చూశాడు, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

డబ్బా ఉన్నచోట ఇప్పుడు వాన కొలిచే మిషను పెట్టారు. నేను గ్రంథాలయం అల్మారాలో, ఆ నవల పక్కన ఉన్నాను. చూడవచ్చినవాళ్లంతా నన్ను నిలబడే చూస్తారు.