కారం సున్నుండ

నేను ఒక పిండిమరను. ఇప్పుడు సన్యాసమ్మ నా గొంతులోకి కుంచె పోనిచ్చి నిన్నటి పిండి దులుపుతోంది. మధ్యలో తుమ్మితే ఏమీ అనుకోకండి.

కోయంబత్తూరులో నన్ను పోతపోశారు. మొదట బొబ్బిలిలో ఒక షావుకారు దగ్గర పనిచేశాను. ఆయన నోటి దురుసుకు జనం రావడం మానేస్తే, మర మంచిది కాదని నన్ను అమ్మేశాడు. ఇనుము ఎదురు చెప్పదు కదా, మనుషులకు అదొక సుఖం. అలా విజయనగరం దగ్గర ఈ చిన్న ఊళ్ళో, సింహాద్రి ఇంటి ముందుగదిలోకి వచ్చిపడ్డాను.

ఇక్కడ ఒక పద్ధతి ఉండేది. మిరపకాయలు ఆడించాక, తరువాతివాళ్ళ గింజలు పోసేముందు, సింహాద్రి తన ఇంటి బియ్యం రెండు గుప్పిళ్ళు నాలో పోసేవాడు. లోపల అంటుకున్న కారమంతా ఆ బియ్యం తుడిచి తెచ్చేది. ఆ ఎర్రపిండితో అతని పెళ్ళాం సన్యాసమ్మ చెక్కలు వండేది.

ఇంతలో ఊరికి అన్నం పెట్టే జనపనార మిల్లు మూతపడింది. జనం పిండివంటలు మానుకున్నారు. నా ముందు డబ్బాల వరస కరిగిపోయింది. గట్టి గిరాకీ అంటే వరహాలమ్మ ఒక్కతే మిగిలింది. పెళ్ళిళ్ళకు సున్నుండలు చేసిచ్చే మనిషి. ఆవిడా రాకపోతే నేను పాత ఇనుములోకి, వీళ్ళిద్దరూ కూలికి.

కష్టకాలంలో మనిషి పొదుపు ఎదుటివాడి వైపునుంచే మొదలవుతుంది.

“ఆ రొండు గుప్పిళ్ళూ దండగే. ఈ రోజుల్లో మరని కూడా మేపాలేటి?” అన్నాడు సింహాద్రి.

“అది మరకి కాదు, వొచ్చినోళ్ళకి,” అంది సన్యాసమ్మ.

వినలేదు. మిరపకాయల వెనకే వరహాలమ్మ మినప్పప్పు పోసేశాడు.

నాలుగురోజులకు ఆవిడ వచ్చింది. చంకలో పప్పు డబ్బా, చేతిలో ఒక సున్నుండ.

“తిను, సింహాద్రీ.”

“ఇప్పుడే టిఫిను తిన్నాను పిన్నీ.”

“తినమన్నాను!”

తిన్నాడు. కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి.

“పెళ్ళోరందరూ ఇలాగే ఏడిసేర్రా! అప్పగింతలు ముందే అయిపోనాయేటని అడిగేరు. పెళ్ళికొడుకు తాత ఒక్కడే ఇంకో రొండు పెట్టమన్నాడు. మళ్ళీ పెళ్ళుంది. ఈ డబ్బా తిన్నగా బజారు మరకే ఎల్తాది.”

సన్యాసమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, ఆవిడకు పీట వేసింది.

సింహాద్రి కళ్ళు తుడుచుకుని లేచాడు. నన్ను విప్పి, నా రాళ్ళు రెండూ తోమాడు. లోపలికి వెళ్ళి, ఆ పూటకు వండాల్సిన బియ్యం గిన్నెతో తెచ్చి నాలో పోశాడు. రాలిన పిండిని నాలుక మీద వేసుకున్నాడు.

“ఇంకా సుర్రుమంటాంది.”

మళ్ళీ పోశాడు. మళ్ళీ రుచి చూశాడు. బియ్యం గిన్నె అడుగంటింది. చివరికి తెల్లటి పిండి గుప్పిట్లో పట్టి, వరహాలమ్మ ముందు చెయ్యి చాపాడు. ఆవిడ వేలితో అద్దుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించింది.

ఆ పూట ఈ ఇంట్లో అన్నం లేదని నాకు తెలిసిపోయింది. చెక్కలే.

మరను నమ్మని మనుషులు తమ డబ్బాను కళ్ళతో కట్టేసుకుని, ఆడించడం అయ్యేదాకా నా పక్కనే నిలబడతారు. వరహాలమ్మ లేచింది. చంకలోని డబ్బా తీసి నా ముందు పెట్టింది. సింహాద్రి ఏదో అనబోతే సన్యాసమ్మ మోచేత్తో పొడిచింది. వరహాలమ్మ కొంగు దులుపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా గుమ్మం దిగి వెళ్ళిపోయింది.