సువర్ణ ఇచ్చిన వెండి కొంగ

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మా సువర్ణకి నేను చెప్పిన అబద్ధాలన్నీ చిన్నవే. పులుసులో ఉప్పు సరిపోయిందని ఒకటి, మా అత్తగారు ఇంకో వారం ఉన్నా నాకేమీ ఇబ్బంది లేదని ఒకటి. పెద్దది మాత్రం ఒక్కటే చెప్పాను. దాని బరువు ముప్పై ఒక్క గ్రాములు.

నా పేరు శ్యామ్ సుందర్. రాజోలు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారిని. లెక్కలు చెప్పేవాడు డబ్బు దగ్గర తెలివిగా ఉంటాడని లోకం అనుకుంటుంది. లోకానికేం తెలుసు! నిరుడు డి.ఏ. బకాయిలు చేతికొచ్చినప్పుడు ఫోనులో చూసి ఒక వెండి నాణెం తెప్పించాను. ఔన్సు బరువు, మేలిమి వెండి, ఒక వైపు ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. ఏదో విదేశీ టంకశాల వాళ్ళు వెయ్యి మాత్రమే అచ్చువేసి ఆపేశారు. అందులో ఉన్న వెండి ఆ రోజు ధరకి మూడు వేలు చేస్తుంది. నేనిచ్చింది పన్నెండు వేలు. ఆ పై తొమ్మిది వేలనీ ప్రీమియం అంటారు. అది వెండికిచ్చే డబ్బు కాదు, ప్రపంచంలో వెయ్యిమంది దగ్గరే ఉన్నది మన దగ్గరా ఉందన్న సంబరానికిచ్చే డబ్బు.

దీన్ని పిచ్చి అంటే నేనొప్పుకోను. నా దగ్గర చదువుకున్న తాతాజీ ఇప్పుడు అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్నాడు. కారుకి నాలుగు తొమ్మిదుల నంబరు కావాలని వేలంలో లక్ష రూపాయలు పోశాడు. ఆ నంబరు తగిలిస్తే కారు గుంతల్లో ఎగరకుండా పోతుందా? వాడి తొమ్మిదుల కన్నా నా కొంగే నయం, కనీసం కరిగిస్తే వెండి వస్తుంది.

కానీ ఈ వాదనంతా సువర్ణ ముందు పెట్టే ధైర్యం నాకు లేదు. ఆవిడ జాకెట్లు కుట్టి, చేతికొచ్చిన ప్రతి పది రూపాయలూ దాచే మనిషి. అందుకని మూడు వేలకే కొన్నానని చెప్పాను. పోన్లెండి, వెండి ఎక్కడికి పోతుంది అని బీరువాలో చీరల కింద పెట్టింది. ఆ నాణెం ఒక గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి వస్తుంది. దాన్ని ఎప్పటికీ తెరవకూడదు. నాణెం మీద వేలిముద్ర పడినా సేకరించేవాళ్ళు మొహం తిప్పుకుంటారు, ప్రీమియం పోయి వట్టి వెండి ధర మిగులుతుంది. ఈ సంగతీ సువర్ణకి చెప్పలేదు. చెబితే మూడు వేల బిళ్ళకి ఇన్ని రాజభోగాలెందుకని అడుగుతుంది.

మా చర్చిలో ఏటా నవంబరులో కోతపండగ చేస్తారు. పండినవాటిలో మొదటివి తెచ్చి దేవుడికి కానుకగా పెడతారు. ధాన్యం, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ వేలానికి తలా తోకా ఉండదు. నలభై రూపాయల సొరకాయ రెండు వేలు పలుకుతుంది. పాడుకున్నవాడు దాన్ని మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తాడు, మళ్ళీ పాట మొదలు. ఒక ఏడు ఒకే సొరకాయ నలుగురి చేతులు మారి, ఎవరింటా కూర కాకుండానే చర్చికి ప్రహరీగోడ కట్టించింది.

మాకు సెంటు భూమి లేదు. సువర్ణ ఏటా బజార్లో అరటిగెల కొని తీసుకెళ్ళేది, కొన్న గెల ఇస్తున్నామని లోపల్లోపల కుంచించుకుపోయేది. ఈసారి పండగకి వారం ముందు పాస్టరుగారు, కొన్నది కాదు, దాచుకున్నది ఇవ్వండి అని ప్రసంగం చేశారట. నేను వినలేదు. సువర్ణ విన్నది. శుక్రవారం సాయంత్రం నేను ఫోనులో నాణేలవాళ్ళ వాట్సాప్ గ్రూపు చూస్తూ కూర్చున్నాను. బెంగళూరాయన ఒకడు నా కొంగకి ఇరవై రెండు వేలిస్తానని రాశాడు. నా కళ్ళు ఆ అంకె మీదే ఉన్నాయి. అప్పుడే సువర్ణ పక్కన నిలబడి ఏదో అడిగింది. ఆయ్ అన్నాను. ఇంకేదో అడిగింది. దానికీ ఆయ్ అన్నాను. మా గోదావరోళ్ళం ఆయ్ అనడానికి ఎదుటివాళ్ళ మాట వినాల్సిన పనిలేదు.

ఆదివారం వేలం పాడిస్తున్నది సంఘ పెద్ద సీమోనుగారు. పోస్టుమాస్టరుగా రిటైరయినా గొంతు మాత్రం రిటైరవలేదు. రెండు కోళ్ళూ ఒక గుమ్మడికాయా అయ్యాక ఆయన పళ్ళెంలోంచి మెరిసేదేదో ఎత్తి పట్టుకున్నారు. లెక్కల మాస్టారి ఇంటినుంచి వెండి బిళ్ళ, మాస్టారి పూర్తి సమ్మతితో సువర్ణమ్మగారు ఇస్తున్నారు అని చదివారు.

నా ప్రాణం పైకి పోయి మళ్ళీ కిందికి దిగింది. లేచి ఆపండి అందామనుకుని పక్కకి చూశాను. సువర్ణ నిటారుగా కూర్చుని ఉంది. ఇన్నేళ్ళలో కోతపండగనాడు ఆవిడ అలా తలెత్తుకుని కూర్చోవడం నేను చూడలేదు. ఆ మొహం చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. ఇక మిగిలిన దారి ఒక్కటే, నా కొంగని నేనే పాడుకోవాలి. అయితే వెయ్యి పెరిగినకొద్దీ నా అబద్ధం కూడా వెయ్యి బయటపడుతుంది.

పాట మూడు వేల దగ్గర మొదలైంది. నేను నాలుగు అన్నాను. వెనకనుంచి ఎవరో నవ్వారు. మనమిచ్చింది మనమే పాడుకోవడమేంటండీ అని సువర్ణ మోచేత్తో పొడిచింది. ఆ మూల కూర్చున్న తాతాజీ అయిదు అన్నాడు. వాడు ఏటా పండగకి తప్పకుండా వస్తాడు. వాడికి వెండీ అక్కర్లేదు, కొంగా అక్కర్లేదు. మాస్టారు దేవుడి కోసం పాట పెంచుతున్నారు, శిష్యుడిగా తోడు రావాలి అనుకున్నాడు, అంతే. పదో తరగతిలో నేను ఎన్ని సార్లు చెప్పినా అర్థం కాని మనిషికి ఇప్పుడు మాత్రం నా మనసు అర్థమైపోయిందట. ఆరంటే ఏడన్నాడు, ఎనిమిదంటే తొమ్మిదన్నాడు. సీమోనుగారికి పూనకం ఒక్కటే తక్కువ. నేను పదకొండు వేలన్నాను. తాతాజీ చేతులు జోడించి మరీ పన్నెండన్నాడు.

సువర్ణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కోపం లేదు, నవ్వూ లేదు. ఎవరో రాసిచ్చిన జాకెట్టు కొలతల్ని సరిచూసేటప్పుడు అలా చూస్తుంది.

"నిజం చెప్పండి. ఎంతకి కొన్నారది?"

చర్చిలో కూర్చుని ఉన్నాను. ఎదురుగా సిలువ ఉంది. "పన్నెండు వేలు," అన్నాను. "ఇప్పుడు బెంగళూరులో ఇరవై రెండిస్తానంటున్నారు."

సీమోనుగారు ఒకటోసారి అన్నారు. సువర్ణ నా చెయ్యి వదిలేసింది. నాకు సిగ్గేసింది. డబ్బుకి కాదు, ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గర ఒక మూడు వేల మొహం పెట్టుకుని తిరిగినందుకు. రెండోసారి అన్నారు. అప్పుడు సువర్ణ లేచి నిలబడింది.

"పదమూడు వేలండి," అంది.

తాతాజీ కూడా లేచాడు, కానీ చేతులు కట్టుకుని. అమ్మగారు పాడేక నేను పాడకూడదండి, ఆయ్, అని కూర్చున్నాడు. మూడోసారి అయిపోయింది. అలవాటు ప్రకారం సీమోనుగారు, మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తారా సువర్ణమ్మగారూ అని అడిగారు. ఇవ్వనండి అంది. చర్చి అంతా గొల్లుమంది, పాస్టరుగారు కూడా బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

సువర్ణ సంచిలోంచి జాకెట్ల డబ్బు తీసి ఇచ్చింది. పది వేలే ఉన్నాయి, తక్కినవి నా జేబులోంచి లాక్కుంది. కూర్చుంటూ నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. "నాతో అబద్ధం ఆడేంత ఇష్టమైన వస్తువుని తాతాజీకి పోనిస్తానేంటండీ. ఇంటికెళ్ళేక మీ పని చెప్తాను."

నాకు కళ్ళు చెమర్చాయి. ఆ క్షణాన ఆవిడ అడిగితే రెండు కిడ్నీలూ ఇచ్చేసేవాణ్ణి. అంతలో సీమోనుగారు పంపిన నాణెం అందుకుని నా అరచేతిలో పెట్టింది. ప్లాస్టిక్ డబ్బా లేదు. కొంగ కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతోంది. వెలుతురుకి పెట్టి చూస్తే రెక్కల మీదా కాలి మీదా సన్నటి గీతలు, వెయ్యికి పైగా.

"దేవుడికిచ్చేది నల్లబడి ఉండకూడదు కదా," అంది సంతోషంగా. "మీరు ఆయ్ అన్నారని డబ్బా విప్పి, చింతపండులో నానబెట్టి, పళ్ళపొడితో అరగంట తోమేను. ఆ డబ్బాలో పిన్నీసులు పోసుకున్నాను. ఇంతకీ బెంగళూరాయన ఇప్పుడు ఎంతిస్తాడండీ?"

ఇంకో అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"వెండి ధర. అయిదు వేలు రావచ్చు. తోమితే ప్రీమియం పోతుంది."

సువర్ణ కొంగ వైపు చూసింది, నా వైపు చూసింది. వేళ్ళ మీద లెక్క వేసుకుంది. మా ఇంట్లో లెక్కలు నిజంగా వచ్చింది ఆవిడకే.

"ఆ మాట కొన్నప్పుడే నాకు చెప్పుంటే," అంది నెమ్మదిగా, "నేను తోమేదాన్నీ కాదు, ఇచ్చేదాన్నీ కాదు కదండీ."

ఇరవై ఏళ్ళుగా పిల్లలకి తప్పు ఎక్కడ జరిగిందో ఎర్ర సిరాతో చూపిస్తున్నాను. నా తప్పు కింద గీత ఇంత తిన్నగా ఎవరూ గియ్యలేదు. ఆయ్ అన్నాను. ఈసారి విని అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోంది. నాకూ నవ్వాగలేదు. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సీమోనుగారు అరటిగెల పైకెత్తి, మాస్టారూ మీ పాట ఎంత అని అడిగారు. మా ఇద్దరి దగ్గరా కలిపి ఆటో చార్జీలే మిగిలాయి.