ఇంటికో మాట

వీధిలో ఆయన్ని టైలరు అనేవాళ్లు తక్కువ, వకీలు అనేవాళ్లే ఎక్కువ. అబ్బో, ఆ నోరు సామాన్యమైంది కాదు! చెత్తబండి ఒక్క పూట రాకపోతే చాలు, మెడలో టేపు కూడా తియ్యకుండా మున్సిపాలిటీ ఆఫీసు మీదకి దండయాత్రకి బయల్దేరేవాడు. అలాంటి మనిషి, దుకాణానికి ఎదురుగా ఉన్న పాత గోడౌను పడగొట్టి ఏడంతస్తుల ఇళ్లు కడతామని నగర ప్రణాళిక ఆఫీసువాళ్లు బోర్డు పాతితే ఊరుకుంటాడా? భగ్గుమన్నాడు.

ఆయన బాధ ఉత్తదేమీ కాదు. దుకాణానికి ఉన్నది ఒక్కటే కిటికీ. మిషను దాని కిందే. అక్కడి వెలుతుర్లోనే గుడ్డకి తగ్గ దారం రంగు చూసుకుంటాడు. ఎదురుగా ఏడంతస్తులు లేస్తే పట్టపగలే లైటు వేసుకు కూర్చోవాలి. పైగా భార్య పోయాక కూతుర్ని ఆ కిటికీ పక్కనే, గుడ్డముక్కల బుట్టలో పడుకోబెట్టుకుని పెంచాడు. ఆ కిటికీ జోలికి ఎవరొచ్చినా ఆయనకి ఒళ్లు మండేది.

ఆ కూతురు, అమ్మలు అని పిలుస్తాడు, పెళ్లయ్యాకా తండ్రి దగ్గరే ఉంది. దుకాణం వెనక ఒకే ఒక్క గది. మధ్యలో పాత దుప్పటి తెరగా కట్టుకున్నారు. తెరకి ఇటు ఆయన, అటు కూతురూ అల్లుడూ. అల్లుడు ప్రెస్సులో పనిచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. మామగారు ఇటు దొర్లితే అల్లుడు అటు ఊపిరి బిగబట్టేవాడు. ఇప్పుడు అమ్మలుకి ఏడో నెల. బిడ్డ పుడితే పడుకోబెట్టడానికి ఆ గదిలో చాప పరిచేంత చోటు కూడా మిగల్లేదు.

ఎదురుగా కట్టే ఇళ్లలో కొన్ని, ఈ వీధిలో ఇరుకు గదుల్లో ఉండేవాళ్లకే చవగ్గా ఇస్తారని ఆమె బోర్డు మీద చదివింది. ఇక ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. "రెండేళ్లు పడుతుందట. పట్టనీ, అంతదాకా సర్దుకుందాం. నాన్న ఇక్కణ్ణించి కేకేస్తే మనకి అక్కడ వినపడుతుంది" అని మొగుడితో గుసగుసగా చెప్పి మురిసిపోయింది. తండ్రికీ చెబుదామని చూసింది.

"నాన్నా, ఆ ఇళ్లు వస్తే మనలాంటివాళ్లకి కూడా..."

"మనలాంటివాళ్ల నెత్తి మీదే కదమ్మా కట్టేది! చూస్తూ ఉండు, ఒక్క ఇటుక పడనిస్తానేమో."

చెప్పడం మొదలెడితే ఆయన ఆగుతాడా? వీధి చివర మందులషాపాయన, ఇస్త్రీబండి ఆయన, అందరూ వచ్చి వకీలు చుట్టూ చేరేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత నాన్న ముఖంలో అంత కళ చూసింది అమ్మలు. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

వీధి సంగతులు తేల్చే సభకి అక్కడ ఒక పద్ధతుంది. ఇంటికి ఒక్కరే లేచి మాట్లాడాలి. ఆ ఒక్కరి మాటే ఆ ఇంటి మాట. సభకి బయల్దేరే ముందు అమ్మలు ధైర్యం చేసి అడిగింది.

"నాన్నా, ఈసారి మనింటి తరపున నేను మాట్లాడనా?"

ఆయన పకపకా నవ్వాడు. "ఈ కడుపుతో మైకు ముందు నిలబడతావా? నువ్వు చెప్పేదేదో నేను చెప్పనా ఏంటి? నీ మాటా నా మాటా వేరా, పిచ్చిదానా!"

ప్రేమతోనే అన్నాడు పాపం. ఆ ప్రేమే కొంప ముంచింది.

బడి హాల్లో సభ. ఆ రోజు ఆయన మాట్లాడిన తీరు చూడాలి! గాలి గురించి, ఎండ గురించి, పిల్లలు ఆడుకునే వీధి గురించి దంచేశాడు. ఆఫీసు తరపున వచ్చిన మేడమ్ ఓపిగ్గా అంతా వింది. తర్వాత అడిగింది.

"బాగుందండీ. మరి మీ వీధిలో ఇల్లు చాలక ఇబ్బంది పడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి, అంతస్తులు తగ్గించైనా వాళ్ల వరకు కడతాం."

ఆయన వెనక్కి తిరిగి హాలంతా ఒకసారి చూశాడు. మూడో వరసలో కూతురు కూర్చుని ఉంది.

"ఒక్కరూ లేరండీ. ఎవరింట్లో వాళ్లం హాయిగా ఉన్నాం!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. అమ్మలు కూడా కొట్టింది. నాన్న గెలిచిన రోజున ఆమె ఒక్కతే చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటుంది?

ఇళ్లు రద్దయ్యాయి. బోర్డు పీకేశారు. ఆ సంబరం ఇంకా తగ్గకముందే ఒక పొద్దున అల్లుడు వచ్చి మిషను పక్కన నిలబడ్డాడు.

"మామయ్యా, ఊరవతల కట్టిన కాలనీలో మాకు ఇల్లు దొరికింది. కాన్పు కాకముందే వెళ్లిపోతాం."

"అంత దూరమా? రెండు బస్సులు మారాలి! ఇక్కడ మీకేం తక్కువైందయ్యా?"

ఎప్పుడూ నీళ్లు నమిలే అల్లుడు ఆ రోజు తల ఎత్తి చెప్పాడు. "ఎదురుగా కడతారని ఆశపడ్డాం మామయ్యా. ఎన్నో అంతస్తయితే మీరు కనపడతారో కూడా తను లెక్కేసుకుంది."

ఆయన మిషను ఆపేసి ఆఫీసుకి పరిగెత్తాడు. నా మాట వెనక్కి తీసుకుంటానమ్మా అని మేడమ్ ముందు చేతులు జోడించాడు.

"ఇప్పుడిక మీ ఒక్కరి మాట కాదు కదండీ" అందామె నొచ్చుకుంటూ. "మీ తర్వాత లేచిన ప్రతి ఇల్లూ మీరన్నదే అంది. ఆ స్థలం వేరే పనికి ఇచ్చేశాం."

ఇంటికొచ్చేసరికి అమ్మలు గిన్నెలు మూట కడుతోంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పబోయాను నాన్నా."

"గట్టిగా చెప్పాలి కదే! నా నోరు నొక్కి చెప్పాలి కదే! పోనీ, ఇప్పుడైనా తిట్టవే!"

"నిన్నేం తిట్టను నాన్నా? నీ ముఖంలో ఆ కళ చూసి నాకే నోరు రాలేదు" అని ఆమె ఏడ్చేసింది. ఆయనా చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఏడిస్తే మాత్రం బండి ఆగుతుందా? మర్నాడే సామాన్లెక్కాయి.

ఆడపిల్ల పుట్టింది. దుకాణం మూసే ఆదివారమే ఆయనకి వెళ్లడం కుదిరేది. రెండు బస్సులు మారి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. పిల్లకి మనుషుల్ని గుర్తుపట్టే ఈడు వచ్చాక, తాతయ్య ఎత్తుకుంటే చాలు, గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది.

"కొత్త కదా నాన్నా, ఏమీ అనుకోకు. కాసేపుంటే అదే అలవాటు పడుతుంది" అనేది అమ్మలు.

ఆ మాట నిజమే. ఆయన పిల్లని భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. వకీలు నోటికి ఒక్క జోలపాటా సరిగ్గా వచ్చేది కాదు. వచ్చిందేదో పాడేవాడు. చాలాసేపటికి పిల్ల ఏడుపు మాని, ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుని, మెడ మీద తల వాల్చేది.

సరిగ్గా అప్పుడే అల్లుడు చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడు.

"మామయ్యా, ఆఖరి బస్సు పోతుంది."

ఆ చిన్న గుప్పిట ఆయనే విప్పుకుని, పిల్లని తల్లికి అందించి బయల్దేరేవాడు. మళ్లీ ఆదివారం వచ్చేసరికి ఆయన ఆ పిల్లకి మళ్లీ కొత్తే.